అమెజాన్ ర్యాంకు చూసి పాత్‌ఫైండర్ పని అయిపోయిందనుకోకండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ), పాత్‌ఫైండర్ రెండూ టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆటలు. అమెజాన్‌లో డీ అండ్ డీ రూల్‌బుక్ అమ్మకాల ర్యాంకు వందల్లో ఉంది, పాత్‌ఫైండర్‌ది ఎక్కడో వెనక ఉంది, అంటే పాత్‌ఫైండర్ ఆడేవాళ్లే లేరా, ఇప్పుడు కొంటే దండగా అని అడిగారు. డీ అండ్ డీ పెద్ద ఆట, అందులో సందేహం లేదు. కానీ పాత్‌ఫైండర్‌ని ఎంతమంది ఆడుతున్నారో ఆ ర్యాంకు చెప్పదు.

హైదరాబాద్‌లో ఆరేళ్లుగా శనివారాలు మా ఫ్రెండ్స్‌కి నేనే గేమ్ మాస్టర్‌ని, అంటే కథ చెప్పి ఆట నడిపేవాణ్ణి. మొదట్లో నేనూ ర్యాంకులు చూసే పుస్తకాలు కొనేవాణ్ణి. ఒకసారి ఇండియా అమెజాన్‌లో ఇలాంటిదే ఇంకో ఆట, కాల్ ఆఫ్ కథూలూ రూల్‌బుక్ ర్యాంకు 3 లక్షలు దాటి ఉంది. నేనొకటి, ఫ్రెండ్ ఒకటి ఆర్డర్ పెట్టాం. మర్నాడు చూస్తే 30 వేల లోపలికి వచ్చేసింది. రెండు కాపీలకే! వారం తిరిగేసరికి మళ్లీ లక్షల్లోకి జారిపోయింది. ఆ తర్వాత నాలుగు నెలలు మేం ఆ ఆట ఆడుతూనే ఉన్నాం. ఆడినవాళ్లం ఆరుగురం, ర్యాంకుకి తెలిసింది రెండు కాపీలు.

ఎంసెట్ రాసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మధ్యలో ఒక్క మార్కు తేడాకి వేల ర్యాంకులు మారిపోతాయి కదా, ఇక్కడా అంతే. పైన 100కీ 200కీ మధ్య అమ్మకాల్లో చాలా తేడా ఉంటుంది. కింద లక్షకీ 2 లక్షలకీ మధ్య ఉన్నది ఒకటి రెండు కాపీలే కావచ్చు. పైగా ఆ లెక్కలో ఈమధ్య అమ్మినవాటికే బరువెక్కువ, దేశానికో ర్యాంకు వేరే. స్టాకు లేకపోయినా ర్యాంకు పడిపోతుంది, గిరాకీ ఎక్కువై స్టాకు అయిపోయినా సరే.

2023 జనవరిలో డీ అండ్ డీ రూల్స్‌ని బయటివాళ్లు వాడుకునే లైసెన్స్ మారుస్తున్నారని గొడవైనప్పుడు చాలామంది పాత్‌ఫైండర్ వైపు వచ్చారు. 8 నెలలకి సరిపోతాయనుకున్న రూల్‌బుక్స్ రెండు వారాల్లో అయిపోయాయని దాన్ని తెచ్చే పైజో కంపెనీ చెప్పింది. పైజో తన సొంత సైట్‌లోనే పుస్తకాలు, పీడీఎఫ్‌లు, సబ్‌స్క్రిప్షన్లు అమ్ముతుంది. అవేవీ అమెజాన్ లెక్కలోకి రావు. ఇంకా పెద్ద విషయం, పాత్‌ఫైండర్ రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో ఉచితంగా, పైజో అనుమతితోనే ఉన్నాయి. మా టేబుల్ దగ్గర పుస్తకం నా ఒక్కడిదే, మిగతావాళ్లంతా ఫోన్లో అదే చూస్తారు. డీ అండ్ డీకి కూడా ఈ లెక్క తప్పుతుంది, దాని సొంత సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో డిజిటల్‌గా కొన్నవాళ్లు అమెజాన్‌కి కనపడరు. 2021లో అవతార్ లెజెండ్స్ అనే ఆటకి జనం ముందుగానే డబ్బు కట్టే కిక్‌స్టార్టర్ సైట్‌లో 81 వేల మందికి పైగా డబ్బు కట్టారు, అదీ అమెజాన్ బయటే.

అమెరికాలో గేమ్ షాపుల అమ్మకాలు తెలియాలంటే ఐసీవీటూ అనే వ్యాపార వార్తల సైట్ జాబితా చూడండి. షాపులవాళ్లని, డిస్ట్రిబ్యూటర్లని అడిగి తయారుచేస్తారు. 2010ల మొదట్లో కొన్నేళ్లు అందులో పాత్‌ఫైండరే మొదటి స్థానంలో ఉంది. చిన్న ఆటలకైతే ఇలాంటి ఆటల పీడీఎఫ్‌లు అమ్మే డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ సైట్‌లో ఇచ్చే పతకాలు మేలు, అవి మొత్తం ఎన్ని అమ్మారో చూసి ఇస్తారు. దేశాన్నిబట్టి కూడా మారుతుంది. జపాన్‌లో డీ అండ్ డీ కంటే కాల్ ఆఫ్ కథూలూకే జనం ఎక్కువ.

మీకు కావలసింది మీతో కూర్చునే నలుగురు. వాళ్లు దొరికితే ర్యాంకు గురించి టెన్షన్ పెట్టుకోకుండా ముందు పాత్‌ఫైండర్ బిగినర్ బాక్స్ ఒక్కటే కొనండి. అందులో పాచికలు, సిద్ధంగా ఉన్న పాత్రలు, మొదటి కథ అన్నీ వస్తాయి. పెద్ద రూల్‌బుక్ సంగతి రెండు మూడు శనివారాలు ఆడాక చూసుకోవచ్చు.