బ్రూక్లిన్ వంతెన గీస్తానన్న అమ్మాయికి

చిట్టీ,

వస్తువుని ముక్కలుగా చూపే క్యూబిస్టుల పద్ధతీ, వేగాన్ని గీసే ఫ్యూచరిస్టుల పద్ధతీ కలిపి ఆరడుగుల కాన్వాస్ మీద న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

ముందు కిటికీ తెరువు. ఒంటిగది ఫ్లాట్‌లో, రంగులు పలచన చేసే టర్పెంటైన్ వాసన పీలుస్తూ పడుకోకు. న్యూజెర్సీలో చలికి తలుపులన్నీ బిగించుకుని బొమ్మలేసిన ఏడాదే నాకీ ఆయాసం మొదలైంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి మూతున్న రేకు డబ్బాలో వెయ్యి. ముందు పలచటి రంగు, నూనె ఎక్కువున్నది తర్వాత. అది నీకు తెలిసిందే.

ఇక అసలు సంగతి. జోసెఫ్ స్టెల్లా అనే అమెరికన్ చిత్రకారుడు 1919-20లో వేసిన ఆ వంతెన బొమ్మ యేల్ యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. ఏడడుగుల ఎత్తు. అది చూసొచ్చిన మర్నాడే నేనూ మొదలుపెట్టాను. వంతెన ఫోటో ఒకటి ఎదురుగా పెట్టుకుని, స్కేలుతో అడ్డదిడ్డంగా గీతలు కొట్టి, వచ్చిన ముక్కల్లో ఒకదానికి నీలం, ఒకదానికి బూడిదరంగు నింపుకుంటూ పోయాను. మూడు నెలల పని. మా టీచర్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా బొమ్మని తలకిందులుగా పెట్టారు. తేడా తెలియలేదు. ఏడ్చేశాను చిట్టీ.

ఆ సాయంత్రమే వంతెన ఎక్కాను. చెక్కల దారి కాళ్లకింద సన్నగా వణుకుతోంది. రెండు పక్కలా దిగువన కార్ల లైట్లు. టవర్ దగ్గరపడేసరికి, కోసుగా ఉన్న ఆ రెండు ఆర్చీలు మీదికి లేచాయి. కేబుళ్లు నా వీపు వెనకనుంచి వచ్చి నన్నూ లాక్కుపోతున్నట్టే ఉంది. నాలుగు చోట్ల నిలబడి చూసినదంతా ఒక్క బొమ్మలో పెట్టడమే క్యూబిజం అని, బలం ఎటు లాగితే ఫ్యూచరిస్టుల గీత అటే పోతుందని అప్పుడు తెలిసింది. స్టెల్లా 1912లోనే పారిస్‌లో ఫ్యూచరిస్టుల బొమ్మలు చూశాడు. అయినా ఈ వంతెన మీద రాత్రులు గడిపాడు. ఆయన బొమ్మలో ఆర్చీలు కదలవు, మిగతాదంతా వాటివైపు పరిగెడుతుంది. నువ్వూ కదలనిది ఒకటి ముందు ఎంచుకో. స్కేలు ముట్టుకోకు.

ఆయన వెళ్లాడని నువ్వు రాత్రిపూట ఒక్కదానివే వెళ్లావో, చూడు మరి! ఫ్రెండ్‌ని తీసుకెళ్లు. నది మీద గాలి ఎముకలు కొరుకుతుంది, స్వెట్టర్ మర్చిపోకు.

నీకు ఐదేళ్లప్పుడు గోదావరి బ్రిడ్జి మీద రైల్లో నా ఒళ్లో కూర్చున్నావు. ఇనుప దూలాలు కిటికీ పక్కనుంచి దడదడమని వెనక్కి పోతుంటే, "పెద్దమ్మా, బ్రిడ్జి పరిగెడుతోంది, గోదారి మాత్రం అక్కడే ఉంది" అన్నావు. గుర్తుందా?

మొదటి స్కెచ్ అవగానే వాట్సాప్‌లో పెట్టు. కిటికీ తెరిచి ఉన్న ఫోటో కూడా.

మీ పెద్దమ్మ