కుటా తీరంలో స్థలం, కాపురం, ప్రయాణం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గత ఏడాది నేనూ మా ఆవిడా బాలి చూసుకుని అక్కడి నుంచి పక్కనున్న లొంబోక్ దీవికి వెళ్ళాం. దక్షిణ తీరంలో కుటా అనే చిన్న ఊరు మాకు విపరీతంగా నచ్చేసింది. సముద్రం కనిపించే గుట్ట మీద, అక్కడి కొలతలో 5 అరెల స్థలం చూపించారు. విదేశీయుల పేరు మీద రిజిస్టర్ కాదు కాబట్టి ఊరి మనిషి పేరు మీద కొని, అతని చేత ఒక అగ్రిమెంట్ రాయించుకుంటే చాలని ఏజెంట్ అంటున్నాడు. అడ్వాన్స్ కోసం రోజూ మెసేజ్‌లు పెడుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వొద్దండి. ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి.

ఏజెంట్ చెప్పినదాన్ని మనం బినామీ అంటాం, అక్కడ నామినీ అంటారు. ఇండోనేషియాలో 'హక్ మిలిక్', అంటే పూర్తి సొంత హక్కు, ఆ దేశ పౌరులకే ఉంటుంది. 1960 నాటి భూమి చట్టం 26వ సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది: నేరుగా గానీ దొడ్డిదారిన గానీ ఆ హక్కును విదేశీయుడికి చేర్చే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, చెల్లించిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. 2007 పెట్టుబడుల చట్టం కూడా కంపెనీ వాటాలను ఇలా ఇంకొకరి పేరు మీద పెట్టే అగ్రిమెంట్లు చెల్లవనే అంటుంది. మీ దగ్గరున్న కాగితం ఎంత అందంగా స్టాంపు వేసి ఉన్నా, రేపు ఆ మనిషి చనిపోయి అతని పిల్లలు "ఇది మా నాన్న స్థలం" అంటే మీకు కోర్టులో నిలబడటానికి చోటు ఉండదు. అతను మంచివాడే కావచ్చు. అప్పుల్లో పడితే? విడాకులైతే?

మరి సక్రమమైన దారులేమిటంటే, ఎక్కువమంది చేసేది లీజు. మామూలుగా 25, 30 ఏళ్ళకు రాసుకుని మొత్తం డబ్బు ముందే కట్టేస్తారు. రేటు 'అరె'ల లెక్కన చెప్తారు, ఒక అరె అంటే 100 చదరపు మీటర్లు, మీకు చూపించినది దాదాపు 600 గజాలన్నమాట. ధర వినగానే అది మొత్తం కాలానికా, ఏడాదికి ఒక అరెకా అని అడగండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గడువు తీరాక పొడిగిస్తామని నోటి మాటగా అంటే లెక్కలోకి రాదు, ఏ రేటుకు పొడిగిస్తారో కూడా ఇప్పుడే రాయించాలి. అద్దె మీద 10 శాతం పన్ను ఉంటుంది, చట్టప్రకారం అది యజమాని ఆదాయం మీద పన్నే, కానీ ఎవరు భరిస్తారో రాసుకోకపోతే చివరికి మీ నెత్తి మీదే పడుతుంది. అక్కడ నివాస పర్మిట్ ఉన్న విదేశీయులకు 'హక్ పకాయ్' అనే వాడుక హక్కు ఇంకో దారి: మొదట 30, తర్వాత 20, మళ్ళీ 30 ఏళ్ళు. విదేశీ కంపెనీ పెట్టి కొనొచ్చు గానీ దానికి భూమి, భవనాలు కాకుండానే 1000 కోట్ల రూపియాలకు (అది ఆ దేశపు కరెన్సీ, మన రూపాయి కాదు) పైన పెట్టుబడి ప్రణాళిక చూపాలి. పదవీ విరమణ తర్వాత ఒక ఇల్లు కావాలనుకునే దంపతులకు ఇది నప్పదని నా అభిప్రాయం.

లీజుకే అయినా కాగితాలు చూడకుండా రూపియా కూడా ఇవ్వొద్దు. 'పిపిల్' అనే పాత పన్ను కాగితం చూపించి ఇదే హక్కుపత్రం అంటారు, కాదు. సర్టిఫికెట్ నంబర్ తీసుకుని, ఏజెంట్ చెప్పిన నోటరీని కాకుండా మీరే ఎంచుకున్న నోటరీ చేత భూమి కార్యాలయంలో సరిచూపించండి. భార్యాభర్తలిద్దరి సంతకాలూ, వారసత్వ భూమి అయితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ సంతకాలూ ఉండాలి. అలలకు దగ్గరగా కట్టుకుందామనే ఆశ ఉంటే వదిలేయండి, ఆటుపోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి కనీసం 100 మీటర్లు తీర రక్షణ ప్రాంతం.

ఇంకొకటి, ఇది డబ్బుకు మించిన సంగతి. ఆ ఊరి చుట్టూ మండలికా పర్యాటక ప్రాజెక్టు వచ్చింది, 2022లో మోటోజీపీ అనే మోటార్‌సైకిళ్ళ రేసు జరిగింది కూడా అక్కడే. దాని కోసం ససక్ కుటుంబాలను, అంటే లొంబోక్ స్థానికులను, భూముల నుంచి తొలగించిన తీరుపై 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులు తీవ్రంగా ఆక్షేపించారు. కాబట్టి మీకు చూపించిన స్థలం దగ్గరికి ఏజెంట్ లేకుండా ఒకసారి వెళ్ళండి. పక్క పొలంవాళ్ళని అడగండి, 'కెపాలా దుసున్' అనే పేట పెద్దని కలవండి. ఎవరి నోటికాడి కూడో లాక్కుని కట్టిన ఇంట్లో మీరు ప్రశాంతంగా ఉండలేరు, ఊరు కూడా ఉండనివ్వదు.

ప్రశ్న: కొనడం తర్వాత, ముందు ఆరు నెలలు అద్దెకుండి చూద్దామనుకుంటున్నాను. వీసా, నీళ్ళు, తిండి ఎలా? నేను శాకాహారిని.

జవాబు: సరైన ఆలోచన, అందులోనూ ఆ ఆరు నెలల్లో ఎండాకాలం చివరి రోజులు, అంటే సెప్టెంబర్, అక్టోబర్ కలిసేలా చూసుకోండి. మా వారి ఉద్యోగం వల్ల లొంబోక్‌లో ఉన్న రెండేళ్ళలో మాకు తెలిసొచ్చింది ఇదే. మే నెలలో చూసినప్పుడు కొండలు పచ్చగా, బావి నిండుగా ఉంది. సెప్టెంబర్ వచ్చేసరికి బావి నీళ్ళు ఉప్పగా మారాయి, సబ్బు నురగ రావడం మానేసింది, వారానికోసారి ట్యాంకర్ తెప్పించుకున్నాం. ఇంటివాళ్ళు ముందే చెప్పొచ్చు కదా అని చాలా బాధపడ్డాను. తాగడానికి మాత్రం అందరూ 19 లీటర్ల 'గాలోన్' డబ్బాలే కొంటారు. కరెంటు ప్రీపెయిడ్ మీటరు: 20 అంకెల టోకెన్ నొక్కాలి, బ్యాలెన్స్ తగ్గితే మీటరు కీచుకీచుమని అరుస్తూనే ఉంటుంది, అదీ ఎప్పుడూ అర్ధరాత్రే మొదలైనట్టు ఉంటుంది!

వీసా ఆన్ అరైవల్ మనవాళ్ళకు ఉంది, 5 లక్షల రూపియాలు, 30 రోజులు, ఒక్కసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. ఆరు నెలలకు అది చాలదు, వెళ్ళేముందే వేరే వీసా చూసుకోండి. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపియాల జరిమానా, 60 రోజులు మించితే పంపించేస్తారు. సందర్శక వీసా మీద అక్కడ గదులు అద్దెకు తిప్పడం, టూర్లు నడపడం లాంటివి అస్సలు చేయొద్దు.

తిండికి టెన్షన్ పడకండి. సోయాతో చేసే టెంపే, తాహు (టోఫు) ప్రతి చిన్న హోటల్లో దొరుకుతాయి. 'ప్లెచింగ్ కాంకుంగ్' అని మన తూటికూరను ఉడికించి పైన మిరపకాయ సంబల్ వేసి ఇస్తారు, మొదటిసారి తిన్నప్పుడు నాకు రోటి పచ్చడి గుర్తొచ్చింది. కానీ ఆ సంబల్‌లో 'తెరాసి' ఉంటుంది, రొయ్యలతో చేసే ముద్ద. 'తన్పా తెరాసి' అనండి, అది లేకుండా చేసిస్తారు. ఆరోగ్యం విషయంలో మాత్రం జాగ్రత్త: ఊళ్ళో క్లినిక్‌లు చిన్నవాటికే, పెద్ద అవసరమైతే మాతరం నగరానికి, ఇంకా తీవ్రమైతే బాలికి పోవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఈ దూరాన్ని లెక్కేసుకోవాలి. 2018 ఆగస్టులో దీవి ఉత్తరాన 6.9 తీవ్రతతో భూకంపం వచ్చి 500 మందికి పైగా పోయారు. ఇల్లు చూసేటప్పుడు పైకప్పు, స్తంభాలు చూడండి, సముద్రం వైపు నుంచి గుట్ట మీదికి నడిచే దారి ఎటో మొదటిరోజే తెలుసుకోండి.

ప్రశ్న: వారం రోజులు తిరిగిరావడానికి ఎప్పుడు వెళ్ళాలి?

జవాబు: మే నుంచి సెప్టెంబర్ వరకు వానలుండవు. బాలి నుంచి విమానం అరగంట పైచిలుకు, ప్రయాలోని విమానాశ్రయం నుంచి కుటా మరో అరగంట. తీరిక ఉంటే బాలిలోని పదాంగ్ బాయ్ రేవు నుంచి లొంబోక్‌లోని లెంబార్‌కు ఫెర్రీ ఎక్కండి, నాలుగైదు గంటలు పడుతుంది. బైకు అద్దెకు తీసుకుంటే టూవీలర్‌కు చెల్లే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి, లేకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ ఇవ్వరు. రేసు జరిగే వారంలో వెళ్ళకండి, గదులు దొరకవు. దారిలో సాదే అనే ససక్ పల్లెలో ఆగండి, ఇప్పటికీ నేలను పేడతో అలుకుతారు. ఆ నున్నటి నేల మీద చెప్పులు విప్పి కాలు పెడితే మా అమ్మమ్మ ఇల్లే.

ఫిబ్రవరి, మార్చిలలో వచ్చే 'బావు న్యాలే' పండుగ కోసమైతే వానలు పట్టించుకోకుండా వెళ్ళండి. తన కోసం రాజకుమారులు యుద్ధానికి దిగితే, ప్రాణనష్టం ఆపాలని మండలికా యువరాణి సముద్రంలో దూకి న్యాలే అనే పురుగులుగా మారిందని కథ. తెల్లవారకముందే సెగెర్ తీరంలో పిల్లాపెద్దా మోకాళ్ళ లోతు నీళ్ళలో టార్చిలు, వలలు పట్టుకుని ఆ పురుగుల కోసం వంగి వెతుకుతుంటారు, పచ్చవీ గోధుమరంగువీ దారాల్లా వలలో మెలికలు తిరుగుతాయి. తేదీ ఏటా ససక్ పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు, అది ప్రకటించాకే టికెట్ తీసుకోండి.