బెదిరింపు మెయిల్ సంగతి భవనంలో ఉన్నవారికి చెప్పకుండా ఉంచవచ్చా?

సందేహం: నేను తెలంగాణలోని ఒక జిల్లా కలెక్టరేట్‌లో సూపరింటెండెంట్‌ను. ఇటీవల ప్రజావాణి జరుగుతుండగా, భవనంలో బాంబు పెట్టామంటూ మా విభాగానికి మెయిల్ వచ్చింది. బాంబ్ స్క్వాడ్ తనిఖీ ముగిసేవరకు ఎవరికీ చెప్పవద్దని పై అధికారి నోటిమాటగా ఆదేశించారు. చివరకు ఏమీ దొరకలేదు. కాని సుమారు రెండు గంటలపాటు సిబ్బంది, అర్జీదారులు విషయం తెలియకుండానే లోపల ఉన్నారు. ఇలా దాచడం చట్టబద్ధమేనా? నేనే చెప్పి ఉంటే పుకార్లు పుట్టించానని కేసు పెట్టేవారా?

సమాధానం: బెదిరింపు అందిన ఇంత వ్యవధిలో లోపలివారికి తెలపాలని గడువు విధించే ప్రత్యేక సెక్షన్ లేదు. అంతమాత్రాన చెప్పడం, చెప్పకపోవడం అధికారి ఇష్టానికి వదిలిన విషయమని అనుకోకూడదు. జీవించే హక్కును కాపాడే రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రభుత్వ భవనాల్లో ఉన్నవారికీ వర్తిస్తుంది. మానవ కారణాల వల్ల కలిగే విపత్తులు కూడా 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం పరిధిలోకి వస్తాయి. ముందస్తు హెచ్చరికలు, సరైన సమాచారం ప్రజలకు చేరే ఏర్పాటు చేయవలసిన బాధ్యతను ఆ చట్టంలోని 30వ సెక్షన్ జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీపై ఉంచింది. ఆ అథారిటీకి అధ్యక్షులు కలెక్టరే.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. ఆ కేసులో 2014లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, ప్రేక్షకులను సకాలంలో హెచ్చరించి బయటకు పంపకపోవడాన్ని కూడా నిర్లక్ష్యంలో భాగంగానే చూసింది. అది ప్రైవేటు సినిమా హాలు, అక్కడి ప్రమాదం వేరు. అయినా భవనం ఎవరి అదుపులో ఉందో, ముప్పు సంగతి ఎవరికి ముందుగా తెలిసిందో వారే లోపలివారిని అప్రమత్తం చేయాలన్న సూత్రం మీ కార్యాలయానికీ వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. 2011 సెప్టెంబరు 7న ఢిల్లీ హైకోర్టు 5వ గేటు వద్ద పేలుడు జరిగినప్పుడు పాసుల కోసం వరుసలో నిలబడినవారు బలయ్యారు. అదే సంవత్సరం మే నెలలో జరిగిన పేలుడు ఆ కోర్టు పార్కింగ్ స్థలం దగ్గర సంభవించింది. అంటే జనాన్ని ఏ గేటు గుండా పంపాలి, ఎక్కడ నిలపాలి అన్నది చూసుకోకుండా ఒక్కసారిగా కేక వేస్తే, ముప్పు ఉన్న చోటికే వారిని పంపినట్లు కావచ్చు, తొక్కిసలాటా జరగవచ్చు. అందువల్ల సురక్షితమైన దారిని తేల్చుకోవడానికి పోలీసులు కొద్ది వ్యవధి అడిగితే దానిని దాచడం అనలేము. అయితే ఆ నిర్ణయం ఎవరు, ఎన్ని గంటలకు, ఏ కారణంతో తీసుకున్నారో ఫైలులో నమోదు కావాలి. ఒక్క కాగితమూ లేకుండా, నోటిమాట మీద రెండు గంటలు నిండు హాలును అలాగే ఉంచడాన్ని నేను సమర్థించలేను.

నష్టం జరగలేదు కనుక ఆ అధికారిపై క్రిమినల్ కేసు నిలవడం కష్టం, శాఖాపరమైన విచారణ కోరవచ్చు. ప్రాణనష్టమో, గాయాలో జరిగి ఉంటే భారతీయ న్యాయ సంహితలోని 106(1) (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం), 125 (ఇతరుల ప్రాణాలను అపాయంలో పడేయడం) సెక్షన్ల ప్రశ్న వచ్చేది, ఎందుకంటే 3(4) ప్రకారం చట్టవిరుద్ధంగా చేయకుండా వదిలేయడం కూడా చేసిన పనితో సమానమే. బాధిత కుటుంబాలు పోలీసు కస్టడీలో జరిగిన మరణానికి ప్రభుత్వమే పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పిన 1993 నాటి నీలబతి బెహెరా తీర్పు ఆధారంగా ప్రభుత్వం నుంచి నేరుగా పరిహారం కోరే వీలుండేది.

ఇక మీ విషయం. న్యాయ సంహితలోని 353వ సెక్షన్ తప్పుడు సమాచారానికి, పుకార్లకు సంబంధించినది. నిజమని నమ్మడానికి తగిన ఆధారంతో, సదుద్దేశంతో చెప్పిన మాటకు అందులోనే మినహాయింపు ఉంది. మెయిల్ వచ్చిన మాట వాస్తవం కనుక ‘బెదిరింపు వచ్చింది, బయటకు నడవండి’ అని పక్కవారికి చెప్పడం నేరం కాదు. ‘బాంబు ఉంది’ అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం వేరు. భయాందోళనకు దారితీసే తప్పుడు హెచ్చరికకు విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. మెయిల్ ప్రతిని బయటివారికి ఇస్తే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి కూడా అడ్డు వస్తుంది.

మళ్లీ ఇటువంటి పరిస్థితి ఎదురైతే ముందు మీరే 112కు ఫోన్ చేయండి. పోలీసులకు తెలపడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. తర్వాత ‘మీరు మౌఖికంగా ఆదేశించిన ప్రకారం’ అంటూ సమయంతో సహా ఆఫీసు నోటు పెట్టండి. మెయిల్‌ను తొలగించకండి, స్క్రీన్‌షాట్ ఉంది కదా అని ఊరుకోకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టులో చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) ప్రకారం ధ్రువపత్రం ఇవ్వాలి, అందుకు అసలు సందేశం ఇన్‌బాక్స్‌లో భద్రంగా ఉండటం మేలు. పేరు దాచి బెదిరించినవారికి న్యాయ సంహిత 351(4) కింద అదనపు శిక్ష ఉంది, దర్యాప్తుకు ఆ సందేశమే ఆధారం.

ఈలోగా కలెక్టర్‌కు ఒక వినతిపత్రం ఇచ్చి, ప్రతిని ఎస్పీకి పంపండి. హెచ్చరిక ప్రకటన ఎవరు చేయాలి, ఏ మాటల్లో చేయాలి, జనం ఎక్కడ చేరాలి అన్నవి లిఖితపూర్వకంగా ఖరారు చేయమని కోరండి. ప్రజావాణికి వచ్చే దివ్యాంగుల విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించండి, ప్రమాద పరిస్థితుల్లో వారి భద్రత గురించి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 8వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పారిశుధ్య సిబ్బంది సంగతి కూడా అందులో రాయండి. 2020 నాటి వృత్తిపర భద్రత కోడ్ ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించదు గాని, అక్కడ కాంట్రాక్టరు ద్వారా పనిచేసే కార్మికులకు వర్తిస్తుంది.