హాలోవీన్ ఆదివారం వస్తే వచ్చింది, ఏమైంది?

"2027లో అక్టోబర్ 31 ఆదివారం పడుతోంది. ట్రిక్ ఆర్ ట్రీట్‌ని, అదే పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి వెళ్లడాన్ని, ముందు రోజు శనివారానికి జరుపుదామని మా టౌన్‌లో ఇప్పటి నుంచే అంటున్నారు. ఇలా మార్చిన ఊళ్లలో ఉండేవాళ్లు చెప్పండి, మంచిదేనా?" అని కదా మీ ప్రశ్న. మంచిది కాదు. నేను ఒహాయోలో, కొలంబస్‌కి ఉత్తరాన ఉన్న ఒక సబర్బ్‌లో ఉంటాను. పండగ తేదీతో ఆడుకోవడంలో మా ఏరియాని మించినవాళ్లు అమెరికా మొత్తంలో ఉండరని నా గట్టి నమ్మకం.

మా దగ్గర ఊళ్లన్నిటికీ కలిపి ఒక ప్రాంతీయ ప్లానింగ్ కమిషన్ ఉంది. రోడ్లు, బస్సులు, నీళ్ల సంగతి చూసే ఆ సంస్థే బెగ్గర్స్ నైట్ ఎప్పుడు పెట్టుకోవాలో కూడా ఏళ్ల తరబడి సిఫార్సు చేస్తూ వచ్చింది. ట్రిక్ ఆర్ ట్రీట్‌ని ఇక్కడి పాతవాళ్లు అలాగే అంటారు. వాళ్లు అన్నేళ్లూ పట్టుకున్న సూత్రం ఏమిటంటే, 31 సోమవారం నుంచి గురువారం లోపు వస్తే ఆ రోజే. శుక్ర, శని, ఆదివారాల్లో వస్తే మాత్రం దానికి ముందు గురువారం, సాయంత్రం 6 నుంచి 8 దాకా. అంటే పోయింది ఆదివారం ఒక్కటే కాదు, మర్నాడు స్కూలు లేని శుక్ర, శనివారాలు కూడా పోయాయి. ఎందుకయ్యా అంటే శుక్రవారం హైస్కూల్ ఫుట్‌బాల్, శనివారం పెద్దవాళ్ల పార్టీలు, తాగి బండ్లు నడిపేవాళ్లు, ఆదివారం చర్చి. పిల్లల పండగకి అన్నీ పెద్దవాళ్ల కారణాలే.

లెక్క వేసి చూడండి. 2024లో 31 గురువారమే వచ్చింది. 2025లో శుక్రవారం, 2026లో శనివారం, 2027లో ఆదివారం. ఆ సూత్రం పట్టుకుని కూర్చుంటే నాలుగేళ్లు వరసగా గురువారాలే.

గురువారం సాయంత్రం ఆరు అంటే ఏమిటో ఉద్యోగం చేసే తల్లులకి చెప్పక్కర్లేదు. ఐదున్నరకి అయిపోవాల్సిన మీటింగ్ అవ్వదు. మావారు హైవే మీద ట్రాఫిక్‌లో ఉంటారు. మావాడి డైనోసార్ డ్రెస్సుకి తోక ఊడిపోయి ఉంటుంది, పిన్నీసు కనపడదు, వాడేమో అన్నం తినకుండా వెళ్లిపోతానంటాడు. "ఆదివారమైతే మర్నాడు స్కూలుంది కదా" అని వాదించేవాళ్లకి గురువారం మర్నాడు కూడా స్కూలుంటుందని, పైగా మాకు స్పెల్లింగ్ టెస్ట్ పెట్టేది శుక్రవారమేనని ఎందుకు తట్టదో నాకు తెలీదు.

2021 సంగతి చెబుతాను. ఆ ఏడు 31 ఆదివారం పడింది, మాకు 28న గురువారమే అయిపోయింది. కోవిడ్ భయం ఇంకా వదల్లేదు. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల టీకాకి ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది ఆ మర్నాడు, 29న. అందుకని గుమ్మం దగ్గర చేతికివ్వకుండా డ్రైవ్‌వేలో టేబుల్ వేసి, చాక్లెట్లు చిన్న చిన్న సంచుల్లో కట్టి పెట్టాం. ఎనిమిదయ్యేసరికి వీధి వీధంతా లైట్లు ఆర్పేసింది, గుమ్మం లైటు ఆర్పితే ఇక రావొద్దని అర్థం. మిగిలిన చాక్లెట్లు శనివారానికల్లా మా ఇంట్లోనే ఖాళీ అయిపోయాయి, ఎవరు తిన్నారో అడగొద్దు.

ఇక ఆదివారం. నవంబర్ 4న దీపావళి, అందుకని వంటింట్లో సున్నుండలు చుడుతున్నాను. చేతుల నిండా నెయ్యి. ఆరున్నర దాటింది, చీకటి పడుతోంది. డోర్‌బెల్ మోగింది. మోచేత్తో తలుపు తీస్తే ఎదురుగా ఒక స్పైడర్‌మ్యాన్, పక్కన తేనెటీగ రెక్కలు కట్టుకున్న మూడేళ్ల పిల్ల, ఇద్దరి చేతుల్లోనూ గుమ్మడికాయ బకెట్లు. వెనకాల ఒక కుర్ర జంట, నడిచి నడిచి ముఖాలు వాడిపోయి ఉన్నారు. లోపల టీవీలో తెలుగు వినపడేసరికి ఆ అమ్మాయికి ప్రాణం లేచొచ్చినట్టుంది. "అక్కా, హాలోవీన్ ఇయ్యాల కాదా? ముప్పై ఒకటే గదా? వీధి మొత్తం తిరిగినం, ఒక్క ఇంట్ల గూడ లైట్ లేదు" అంది.

వరంగల్ వాళ్లు. అప్పుడే టెక్సస్ నుంచి మా వెనక అపార్ట్‌మెంట్లలోకి మారారట. వాళ్లున్న చోట 31 అంటే 31. ఇక్కడ ఊరు తనకి నచ్చిన రోజు పెట్టుకుంటుందని వాళ్లకెలా తెలుస్తుంది? సిటీ వెబ్‌సైట్‌లో చెత్త బండి టైముల కింద ఒక లైను రాసి పడేస్తే లోకానికంతా తెలిసిపోయినట్టేనా? అసలు ఏ క్యాలెండర్ తీసినా, ఏ ఫోన్ తీసినా హాలోవీన్ 31నే ఉంటుంది. క్యాలెండర్ నమ్మినవాడిది తప్పవుతుందా!

"అయిపోయిందమ్మా, మొన్న గురువారమే" అన్నాను. స్పైడర్‌మ్యాన్‌కి తెలుగు శుభ్రంగా అర్థమవుతుందని అప్పుడు తెలిసింది. మాస్క్ లోపల నుంచి సన్నగా ఏడుపు మొదలైంది. అన్నని చూసి చెల్లెలు అందుకుంది. వాళ్ల నాన్న పిల్లాణ్ని ఎత్తుకోబోయి ఫోన్ జారవిడిచి, దాని కోసం మా పొదల్లోకి వంగాడు. లోపలికి రమ్మంటే కోవిడ్ రోజులు కదా, మొహమాటపడ్డారు.

ఇంట్లో ఒక్క చాక్లెట్ లేదు. "మినప్పిండి, బెల్లం, నెయ్యి, అంతే. జీడిపప్పు వేయలేదు, పిల్లలకి పడుతుందా?" అని వాళ్లమ్మని అడిగి, ఫాయిల్‌లో చుట్టి రెండేసి సున్నుండలు బకెట్లలో వేశాను. తేనెటీగ అక్కడే విప్పి కొరికేసింది. స్పైడర్‌మ్యాన్ మాత్రం బకెట్‌లోకి తొంగిచూసి "ఇట్స్ నాట్ క్యాండీ" అని మళ్లీ రాగం ఎత్తుకున్నాడు. వాడన్నది నిజమే.

ఈలోపు మా అమ్మాయి వీధి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేసింది, ఇద్దరు పిల్లలు వచ్చారు, వీలైనవాళ్లు లైట్లు వేయండి అని. కాసేపటికి ఎదురింట్లో లైటు వెలిగింది. అక్కడ రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉంటుంది, మైక్రోవేవ్ పాప్‌కార్న్ ప్యాకెట్లు ఇచ్చింది. మూలింటి గుజరాతీవాళ్లు పార్లే-జీ బిస్కెట్లు వేశారు. ఇంకో ఇంట్లో ఫుట్‌బాల్ చూస్తున్న కుర్రాళ్లు పెద్ద చిప్స్ ప్యాకెట్ అలాగే బకెట్‌లో కుక్కేశారు. ఒకాయన మాత్రం గ్రూప్‌లో "రూల్ అందరికీ ఒకటే, గురువారం రావాల్సింది" అని రాశాడు. ఆయన ఇంటి ముందు పన్నెండు అడుగుల అస్థిపంజరం ఆగస్టు నుంచి నిలబడి ఉంటుంది. దానికి ఏ రూల్ ఉందో నేను అడగలేదు, మావారు ఫోన్ లాక్కున్నారు.

ఇదీ మార్చడం వల్ల జరిగేది. రోజు మారిస్తే పండగ ఒక రోజు నుంచి ఇంకో రోజుకి పోదు, రెండు రోజుల మధ్య చీలిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు ఎప్పుడూ తప్పు రోజునే బయల్దేరతారు.

ఇక చర్చి సంగతి. ఆదివారం దేవుడి రోజు, ఆ రోజు దయ్యాల వేషాలేమిటని దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని ఊళ్లు శనివారానికి జరిపేస్తాయి. ఎవరి భక్తి మీదా నాకు ఎగతాళి లేదు. కానీ నవంబర్ 1న వచ్చే ఆల్ సెయింట్స్ డేకి ముందు రాత్రి కాబట్టే దీనికి హాలోవీన్ అనే పేరొచ్చింది. చర్చి క్యాలెండర్ చూసి వచ్చిన రోజుని చర్చి కోసమే తప్పించడం ఏం లాజిక్? అయినా ఇష్టం లేనివాళ్లు పార్కింగ్‌లో కార్ల డిక్కీలు తెరిచి చాక్లెట్లు పంచే ట్రంక్ ఆర్ ట్రీట్ ముందు వారమే చేసుకుంటున్నారు. మా పిల్లలు అక్కడికీ వెళ్తారు. ఎవరికీ బాధ లేదు.

చీకటి అనే వాదన ఒకటుంది. 2004లో 31 ఆదివారం వచ్చినప్పుడు ఆ తెల్లవారుజామునే, ఇక్కడ ఏటా చలికాలం ముందు చేసినట్టే, గడియారాలు గంట వెనక్కి తిప్పారు, కాబట్టి ఐదున్నరకే పొద్దుగూకింది. అప్పుడు భయపడ్డారంటే అర్థముంది. 2005లో చేసిన చట్టం వల్ల 2007 నుంచి ఆ మార్పు నవంబర్ మొదటి ఆదివారానికి వెళ్లిపోయింది. ఇప్పుడు మాకు 31న సూర్యాస్తమయం ఆరున్నరకి. పాత భయాన్ని ఇంకా మోస్తున్నారు.

ఐయోవాలోని డెమోయిన్ ఊరి పద్ధతి మాత్రం నాకు నచ్చింది. ఆకతాయిల విధ్వంసం భరించలేక 1938లో పిల్లల్ని 30న తిప్పడం మొదలుపెట్టారు, దశాబ్దాల పాటు అదే రోజు నడిపారు. చాక్లెట్ కావాలంటే పిల్లలు ఒక జోకు చెప్పాలి. 31 కాకపోయినా ఫర్వాలేదు, ఏ వారం వచ్చిందో చూసి గెంతకుండా ఉంటే చాలు.

నాకింత కోపం ఎందుకంటే, మార్చడమనే జబ్బు మన తెలుగువాళ్లకి ఇక్కడ బాగా ముదిరిపోయింది. ఉగాది ఏ బుధవారమో వస్తుంది, సంఘం వాళ్లు హాలు దొరికిన శనివారం చేస్తారు. సంక్రాంతి ముగ్గుల పోటీ ఫిబ్రవరిలో పెట్టిన ఏడు కూడా ఉంది, అప్పటికి గొబ్బెమ్మలు కాదు గదా, పిండివంటలు కూడా ఎవరింట్లోనూ మిగల్లేదు. పంచాంగ శ్రవణం మధ్యలో రియల్ ఎస్టేట్ ప్రకటన. ఉగాది పచ్చడి ప్లాస్టిక్ కప్పుల్లో, వేపపువ్వు లేకుండా. మా పిల్లల లెక్కలో ఉగాది అంటే టికెట్ కొని పార్కింగ్ వెతుక్కోవడం. పాపం వాళ్ల ఇబ్బందులు వాళ్లవి, వారం మధ్యలో అంతమందిని పోగేసి భోజనాలు పెట్టడం మాటలు కాదు, ఒప్పుకుంటాను. హాలు కావాలి కాబట్టి మారుస్తారు.

హాలోవీన్‌కి హాలెందుకు? గుమ్మం, లైటు, ఒక గిన్నెడు చాక్లెట్లు. మా తాతయ్య తెనాలి దగ్గర చదువుకునే రోజుల్లో దసరాకి బడిపిల్లలంతా గిలకలు పట్టుకుని పంతులుగారి వెంట ఇంటింటికీ పప్పుబెల్లాలకి వెళ్లేవాళ్లట. మా వీధిలో బకెట్లు పట్టుకుని తిరిగే పిల్లల్ని చూస్తే నాకు అదే అనిపిస్తుంది. ఆదివారం వచ్చిందని పంతులుగారు గురువారమే తిప్పేశారని మాత్రం తాతయ్య ఎప్పుడూ చెప్పలేదు.

2024లో మా వీధి చూడాల్సింది. అమావాస్య మా టైము ప్రకారం 31 పొద్దున్నే మొదలై మర్నాడు పొద్దున దాకా ఉంది. ఇండియాలో దీపావళి 31వ తేదీయా, ఒకటా అని వాదించుకున్నారు గానీ మాకు ఆ టెన్షనే లేదు, దీపావళీ హాలోవీనూ ఒకే సాయంత్రం. గురువారం కాబట్టి మా కమిషన్ కూడా దాని జోలికి రాలేకపోయింది. ప్రమిదల వరసకి పావడాలు తగలకుండా ఎత్తి పట్టుకుని మంత్రగత్తెలు వచ్చి చాక్లెట్లు పట్టుకెళ్లారు. మా సంఘం దీపావళి మాత్రం షరా మామూలే, నవంబర్‌లో ఏదో శనివారం.

మీ టౌన్ విషయంలో నేను చెప్పేది, కౌన్సిల్ సమావేశాల్లో జనం మాట్లాడటానికి టైమిస్తారు, 2027 వేసవి లోపే వెళ్లి మాట్లాడండి. సెప్టెంబర్ దాకా ఆగితే అప్పటికే తేల్చేసి ఉంటారు. పక్క ఊరు ఏ రోజు పెడుతోందో కూడా కనుక్కోండి, రెండు ఊళ్లు రెండు రోజులు పెట్టుకుంటే మీ చాక్లెట్ ఖర్చు రెట్టింపు అవుతుంది. ఎంత చెప్పినా వినకుండా శనివారానికే మార్చేస్తే, ఆదివారానికి కూడా ఒక సంచి దాచి ఉంచండి, వేరుశెనగ లేనివి. మొక్కజొన్న గింజల్లా ఉండే చక్కెర మిఠాయి క్యాండీ కార్న్ మాత్రం కొనొద్దు, అది ఏ రోజు పెట్టినా ఎవరూ తినరు.