చాటింగ్ లెక్కలపై పరిశోధన ఎలా?

ప్రశ్న: కావలి దగ్గర హైస్కూల్లో గణితం చెబుతాను. మా పిల్లలు రాత్రిళ్లు వాట్సాప్‌లో కలిసి లెక్కలు చేస్తున్నారు. దీనిపై పరిశోధన చేయవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు జిల్లా

జవాబు: తప్పక చేయండమ్మా. ముందుగా తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, పిల్లల పేర్లు మార్చండి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గెర్రీ స్టాల్ బృందం ఇదే పని చేసింది. చాట్ పక్కనే అందరూ గీయగల బోర్డు పెట్టి, సంభాషణలను వరుసగా పరిశీలించింది.

చాట్‌లో అందరూ ఒకేసారి టైప్ చేస్తారు. "ఆ కోణం ఎందుకు సమానం?" అన్న ప్రశ్నకు జవాబు వచ్చేలోపు మరో రెండు సందేశాలు పడతాయి. ఏది దేనికి జవాబో గుర్తించడమే అసలు పని. అందుకే పాత సందేశాన్ని ఎంచుకుని దానికే బదులివ్వడం పిల్లలకు అలవాటు చేయండి. గుంపుకు నలుగురు చాలు. మార్కుల జోలికి మాత్రం వెళ్లకండి. తెలియదని రాసిన పిల్లను మిగతావారు ఎలా కలుపుకున్నారో చూడండి.