రిస్కు ప్రమాదమా, ముప్పా?

సందేహం: మెట్రో రైలు సొరంగాల బీమా పత్రాలను తెలుగు చేస్తున్నాను. 'రిస్క్ మేనేజ్‌మెంట్'ను 'ప్రమాద నిర్వహణ' అని రాస్తే తోటివారు నవ్వారు. తప్పెక్కడుంది? 'బీమా' సరైనదా, 'భీమా'నా?

సమాధానం: నవ్వుకు కారణం 'నిర్వహణ'. సభ నిర్వహిస్తాం, పరీక్షలు నిర్వహిస్తాం. ప్రమాద నిర్వహణ అంటే ప్రమాదాన్ని దగ్గరుండి జరిపించడమని తెలుగు చెవికి తోస్తుంది. అసలు చిక్కు మాత్రం 'ప్రమాదం'తోనే.

సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. 'అప్రమత్తంగా ఉండండి' అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ పలుకుతుంది. మన వాడుకలో అది జరిగిన ఘటనకు పేరైంది. 'ప్రమాదం పొంచి ఉంది' అనీ అంటాం, నిజమే. కానీ 'ప్రమాదం జరిగింది' అన్నట్టు 'ముప్పు జరిగింది' అని ఎవరూ అనరు. ముప్పు ఇంకా రానిది, రాగలది. రిస్కుకు కావలసింది ఆ మాటే.

కోల్‌కతా ఈస్ట్-వెస్ట్ మెట్రో సంగతి చూడండి. బౌబజార్‌లో పాత ఇళ్ల కింద సొరంగం తవ్వాలి. భూమిలో నీటి ఊట తగలవచ్చు, మట్టి కొట్టుకురావచ్చు, పైన నేల కుంగవచ్చు. తవ్వకముందు ఇదంతా ముప్పు. 2019 ఆగస్టు 31న సొరంగ యంత్రానికి ఊట తగలనే తగిలింది. అది ప్రమాదం. గోడలు బీటలువారి కొన్ని ఇళ్లు కూలాయి. అది నష్టం. దానికి చెల్లించేది పరిహారం. ఇన్ని మాటలు మన దగ్గర ఉండగా మొదటి రెంటినీ కలిపేస్తే, పత్రం ఎప్పుడు ఏం చేయమంటోందో చదివేవారికి అందదు. మట్టి పరీక్షలు చేయడం, చుట్టుపక్కల ఇళ్లలో అప్పటికే ఉన్న పగుళ్లను రాసిపెట్టుకోవడం, నేల ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలుస్తూ ఉండడం ముప్పు నాటి పనులు. 1994లో హీత్రో విమానాశ్రయం దగ్గర సొరంగం కూలడం వంటి నష్టాలను చూశాక, 2003లో బ్రిటన్‌లో బీమా సంస్థలు, సొరంగ ఇంజనీర్లు కలిసి ఒక నియమావళి రాసుకున్నారు. పని ప్రతి దశలోనూ ముప్పుల పట్టిక ఉండాలన్నది అందులో ముఖ్యమైన నియమం. దాన్ని 'ప్రమాదాల పట్టిక' అంటే, జరిగిపోయినవాటి లెక్క అనుకుంటారు.

'ముప్పు నివారణ' అనవచ్చు కదా అంటారేమో. నాకది చాలదు. అన్ని ముప్పులనూ నివారించలేం. కొన్నిటిని తగ్గిస్తాం, కొన్నిటిని కాంట్రాక్టరుకు అప్పగిస్తాం, కొన్నిటికి బీమా చేస్తాం. సంసారాన్ని సంబాళించడం లాంటి పని అది. 'ముప్పుల సంబాళింపు' అంటే నాకు ఇష్టం. పత్రానికి మరీ ఇంటిమాటలా ఉందనిపిస్తే 'ముప్పుల అదుపు' అని రాయండి.

ఇక బీమాకు ఒత్తు లేదు. భీముడో, ప్రకటనల్లో జంటగా వినిపించే 'ధీమా'నో ఆ ఒత్తును తెచ్చి ఉంటాయి. భీమా కృష్ణకు ఉపనది. బీమా ఫారసీ మాట. అందులో 'బీమ్' అంటే భయం. మన 'భీతి'లోని ధాతువుకూ దానికీ మూలం ఒకటే. అయితే ఈ మాట మనకు ఫారసీ నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చింది, ఆ దారిలో ఎక్కడా ఒత్తు లేదు.