ఇంట్లో విమానం నడపాలంటే ముందు ఏది కొనాలి: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే సిమ్యులేటర్ కోసం నువ్వు పంపిన జాబితా చూశాను. యోక్ (స్టీరింగ్ లాంటి పిడి), థ్రాటిల్ క్వాడ్రంట్ (ఇంజన్ శక్తిని పెంచే, తగ్గించే మీటలు), రడ్డర్ పెడళ్లు (విమానం ముక్కును పక్కకు తిప్పడానికి పాదాలతో తొక్కేవి), మూడూ ఒకేసారి కొనేద్దామని రాశావు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే డబ్బు దాచుకుని ఇష్టమైన పనికి ఖర్చు పెడుతున్నావు, నాకు చాలా సంతోషం. కానీ ఆ జాబితాలో ఎక్కువ భాగం నీకు ఇప్పుడు అక్కర్లేదు. ఒక్క మంచి జాయ్‌స్టిక్ చాలు. పిడిని కుడికీ ఎడమకీ మెలితిప్పితే రడ్డర్ కదిలే రకం తీసుకో. మిగిలిన డబ్బు తొందరపడి ఖర్చు చేయకు. ఏళ్ల తరబడి ఇంట్లో సిమ్యులేటర్ నడుపుతూ, పాడైన జాయ్‌స్టిక్కులు విప్పి బాగుచేస్తూ నేను తెలుసుకున్నదంతా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు తేల్చుకోవలసింది నువ్వు ఏ విమానం నడుపుతావన్నది. నీకు ఎయిర్‌బస్ ఎ320 మీద మనసు ఉందని తెలుసు. 1987లో మొదటిసారి ఎగిరిన ఆ విమానంలో యోక్ లేదు. కెప్టెన్ ఎడమ చేతి పక్కన ఒక చిన్న స్టిక్ ఉంటుంది, కుడి చెయ్యి థ్రాటిళ్ల మీద ఉంటుంది. యోక్ ఉండేది సెస్నా 172లో, బోయింగ్ 737లో, రాజమండ్రి వంటి చోట్లకు వచ్చే ఏటీఆర్ విమానాల్లో. ఇంట్లో యోక్ పెట్టుకుని ఎయిర్‌బస్ నడపడం ఏ మాత్రం సహజంగా ఉండదు. స్టిక్‌తో సెస్నా నడిపితే మాత్రం రెండు రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది. గ్లైడర్లు, యుద్ధ విమానాలు కూడా స్టిక్‌తోనే నడుస్తాయి. తక్కువ ఖర్చులో ఎక్కువ రకాల విమానాలకు పనికొచ్చేది అదే కాబట్టి నా ఓటు దానికే.

యోక్ విషయంలో ఇంకో సంగతి ఉంది. తక్కువ ధర యోకుల్లో చాలావాటికి ముందుకూ వెనక్కూ కదిలే కడ్డీ మధ్య స్థానం దగ్గర కాస్త పట్టేస్తుంది. గట్టిగా తోస్తే ఒక్కసారిగా జారుతుంది. దిగేటప్పుడు ముక్కును వెంట్రుకవాసి పైకెత్తవలసిన చోట అది ప్రాణం తీస్తుంది. పైగా కొన్ని యోకులు ఒక్కో వైపు 45 డిగ్రీలే తిరుగుతాయి. హనీకోంబ్ ఆల్ఫా వంటిది ఒక్కో వైపు 90 డిగ్రీలు తిరుగుతుంది, పనితనం బాగుంటుంది, కానీ దాని ధరకు మంచి స్టిక్కులు రెండు వచ్చేస్తాయి. యోక్ కొంటే అంతటిది కొను, లేకపోతే మానుకో. మధ్యరకం మీద డబ్బు పోయవద్దు.

ఇక స్టిక్ లోపల ఏముంటుందో తెలుసుకో. కొనేవాళ్లు బటన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు కానీ లోపలి సెన్సర్ గురించి అడగరు. చవక స్టిక్కుల్లో ఎక్కువగా పొటెన్షియోమీటర్లు ఉంటాయి. పాత రేడియోలో శబ్దం పెంచే గుండీ లోపల ఉండేది కూడా అదే. కార్బన్ పూసిన పట్టీ మీద ఒక చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. రాపిడికి పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. అప్పుడు నువ్వు చెయ్యి కదపకపోయినా తెర మీద రెక్క వణుకుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొంతకాలం తగ్గుతుంది కానీ అరిగిన పట్టీ మళ్లీ పుట్టదు. హాల్ సెన్సర్ అలా కాదు. కదిలే భాగానికి అయస్కాంతం ఉంటుంది, దాని క్షేత్రంలో మార్పును ఎదురుగా ఉన్న చిప్ గుర్తిస్తుంది. రెండూ తాకవు కాబట్టి అక్కడ అరిగేదేమీ లేదు. కొంచెం ఎక్కువ పెట్టవలసి వచ్చినా హాల్ సెన్సర్ ఉన్నదే తీసుకో. డబ్బు ఎక్కువ పెట్టదగిన చోటు నా దృష్టిలో ఇదొక్కటే.

పేర్లు చెప్పమన్నావు. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డి ప్రో చాలాకాలంగా అందరికీ అందుబాటులో ఉన్నది. పిడి మెలితిరుగుతుంది, కింద చిన్న థ్రాటిల్ మీట ఉంటుంది, పన్నెండు బటన్లు ఉంటాయి. అయితే పిడి ఆకారం కుడి చేతికే సరిపోతుంది. దానికన్నా ఒక మెట్టు పైన థ్రస్ట్‌మాస్టర్ టి.16000ఎం ఉంది. ముందువెనకలకు, పక్కలకు హాల్ సెన్సర్లు ఉన్నాయి. పిడి పక్కల భాగాలు విప్పి మార్చుకుంటే ఎడమ చేతికీ సరిపోతుంది. అదే కంపెనీ 2020లో తెచ్చిన టీసీఏ సైడ్‌స్టిక్ దాదాపు ఆ స్టిక్కే, ఎయిర్‌బస్ రూపంలో ఉంటుంది. నీకు కెప్టెన్ సీట్లో కూర్చోవాలని కోరిక కాబట్టి ఎడమ చేత్తో పట్టుకునే ఈ రెండింట్లో ఏది తక్కువకు దొరికితే అది కొను. వీటిలో కూడా పిడిని మెలితిప్పే భాగానికి పొటెన్షియోమీటరే ఉంటుంది. ఆ ఒక్క కదలికను సున్నితంగా వాడు, బలం చూపించవద్దు.

థ్రాటిల్ విడిగా కావాలనుకుంటే టి.ఫ్లైట్ హోటాస్ రకం చూడవచ్చు. స్టిక్కూ థ్రాటిలూ జతగా వస్తాయి, రెంటినీ విడదీసి బల్లకు చెరో పక్కన పెట్టుకోవచ్చు. చిన్న విమానాలు, యుద్ధ విమానాలు నడిపేవాళ్లకు ఇది బాగా నచ్చుతుంది. కానీ స్టిక్ కుడి చేతిదే. నీకు మాత్రం స్టిక్ కింద ఉన్న చిన్న మీట సరిపోతుంది. ఎయిర్‌బస్‌లో థ్రాటిల్‌ను పైకి లేచేటప్పుడు ఒక మెట్టులో పెట్టి, కొంత ఎత్తు చేరాక క్లైంబ్ అనే మెట్టుకు తెస్తారు. ఇంజన్ శక్తిని తానే సర్దే ఆటోథ్రస్ట్ పనిచేస్తుంటే దిగేదాకా దాన్ని ముట్టుకునే పని దాదాపు ఉండదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు ఫ్లైబైవైర్ వాళ్లు ఉచితంగా ఇచ్చే ఎ320 ఉంది కదా, అందులో పైలట్ పక్కన కనిపించే ట్యాబ్లెట్‌లో థ్రాటిల్ మెట్లను నీ మీటకు తగ్గట్టు సరిచేసుకునే పేజీ ఉంది. ఎగిరే ముందు ఆ పని పూర్తి చేయాలి. చేయకపోతే మీట క్లైంబ్ మెట్టు దగ్గర ఆగిందో లేదో తెలియక ప్రతిసారీ తికమక పడతావు.

పెడళ్ల గురించి నువ్వు ఎక్కువగా అడిగావు. ఎయిర్‌బస్ గాలిలో ఉన్నంతసేపు మలుపుకు కావలసిన రడ్డర్‌ను కంప్యూటర్లే చూసుకుంటాయి. రన్‌వే మీద పరుగెత్తేటప్పుడు, పక్కగాలిలో దిగేటప్పుడు, ఒక ఇంజన్ ఆగిపోయినప్పుడు మాత్రమే పాదాలతో పని. అంతవరకు మెలితిప్పే పిడి చాలు. సెస్నా 172 సంగతి వేరు. పూర్తి శక్తితో పైకి లేస్తున్నప్పుడు దాని ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ పట్టి ఉంచాలి. ప్రతి మలుపులోనూ పాదాలు పనిచేయాలి. ముందు ముందు నిజంగా ఫ్లయింగ్ స్కూల్లో చేరాలన్న ఆలోచన నీకుంటే, స్టిక్ తరువాత కొనవలసిన రెండో వస్తువు పెడళ్లే. కాలి వేళ్లతో నొక్కితే బ్రేకు పడే రకం తీసుకో. అయితే మీ ఇంట్లో నేలంతా టైల్స్. బలంగా తొక్కితే పెడళ్లు ముందుకు జారతాయి, నీ చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. పెడళ్లను గోడకు ఆనించి, చక్రాలు లేని కుర్చీలో కూర్చోవాలి. గోడ దూరమైతే పెడళ్లను ఒక పొడవాటి చెక్కకు బిగించి, ఆ చెక్క రెండో కొసను కుర్చీ ముందు కాళ్లకు కట్టాలి. ఇదంతా చేయడానికి గదిలో చోటు ఉందో లేదో చూసుకోకుండా పెడళ్లు కొనవద్దు.

స్టిక్ ఎక్కడ పెడతావన్నది చాలామంది ఆలోచించరు, నాకు అది ఎంతో ముఖ్యం. చదువుకునే బల్ల మీద పెడితే చెయ్యి పైకి ఎత్తి పట్టుకోవాలి, అరగంటకే భుజం లాగుతుంది. ముంజేయి మొత్తం దేని మీదైనా ఆనాలి, మోచేయి దాదాపు లంబకోణంలో ఉండాలి. అసలు ఎయిర్‌బస్‌లో కూడా పైలట్ ముంజేయికి సరిచేసుకునే ఆనుడు ఉంటుంది, మణికట్టుతోనే నడుపుతారు. కుర్చీ ఎడమ పక్కన అదే ఎత్తులో ఒక చిన్న స్టూలు వేసి, పైన రబ్బరు మ్యాట్ పరిచి, స్టిక్‌ను వెల్క్రోతో అతికించు. వడ్రంగి చేత చిన్న చెక్క కోయించి క్లాంపుతో బిగిస్తే ఇంకా మేలు. కదిలే స్టిక్ ఎంత ఖరీదైనదైనా దండగే. గట్టిగా నిలిచిన చవక స్టిక్‌తో విమానాన్ని చక్కగా దించవచ్చు.

ఇక సెటింగ్స్. కొత్తవాళ్లలో చాలామంది స్టిక్ బాగాలేదని తిట్టుకునేది ఇక్కడే. గ్లైడర్ వంటి నిజం విమానంలో స్టిక్ చాలా పొడవు, మన బల్ల మీదిది జానెడు. అందువల్ల నువ్వు కొంచెం కదిపితే అక్కడ ఎక్కువ కదులుతుంది. సెన్సిటివిటీ గీత మధ్యలో చదునుగా ఉండేట్టు సరిచేసుకుంటే చిన్న కదలికలు చిన్నగానే ఉంటాయి, పూర్తిగా లాగినప్పుడు మాత్రం పూర్తి ఫలితం వస్తుంది. డెడ్ జోన్ అంటే మధ్యలో స్టిక్ కదిలినా విమానానికి తెలియని భాగం. హాల్ సెన్సర్ ఉన్న కదలికలకు అది సున్నాకు దగ్గరగా ఉంచు. మెలితిప్పే కదలికకు మాత్రం కాస్త పెట్టు, ఎందుకంటే దిగేటప్పుడు స్టిక్ వెనక్కి లాగుతూ తెలియకుండానే పిడిని తిప్పేస్తాం. అప్పుడు ముక్కు పక్కకు తిరుగుతుంది, చక్రాలు అడ్డంగా తాకుతాయి.

ట్రిమ్‌ను, అంటే స్టిక్ పట్టుకుని ఉండకపోయినా ముక్కు కోణం నిలిచేట్టు చేసే సర్దుబాటును, బొటనవేలికి అందే బటన్లకు కేటాయించు. దీని మీద నేను పట్టుపడతాను. సెస్నాలో ముక్కును నీకు కావలసిన కోణంలో పట్టుకుని, స్టిక్ మీద బరువు తగ్గేదాకా ట్రిమ్ చేస్తూ నెమ్మదిగా మధ్యకు వదలాలి. ఇది రానివాళ్లు ఎన్ని వేలు పెట్టి ఏది కొన్నా విమానంతో కుస్తీ పడుతూనే ఉంటారు. మిగిలిన బటన్లలో ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు), గేర్ (చక్రాలు), బ్రేకులు, ఆటోపైలట్ తీసేసేది, ఇవి చాలు. చూపు తిప్పడానికి హ్యాట్ స్విచ్, అంటే పిడి పైన అన్ని వైపులా కదిలే చిన్న బొడిపె, వాడుకో. తరువాత కావాలంటే ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత ప్రోగ్రామ్ వెబ్‌క్యామ్‌తో నీ తల కదలికను గుర్తించి చూపు తిప్పుతుంది. అప్పుడు హ్యాట్ కూడా ట్రిమ్‌కు దొరుకుతుంది.

కొన్న రోజు ఈ పరీక్ష చేయి. శంషాబాద్ నుంచి సెస్నాతో లేచి 5,000 అడుగులకు చేరు. ఆ విమానాశ్రయమే సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి 3,000 అడుగుల దగ్గర ఆగితే నేలకు మరీ దగ్గరగా ఉంటావు. అక్కడ సమంగా ట్రిమ్ చేసి చెయ్యి తీసేయి. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరగడం, ముక్కు నెమ్మదిగా పైకీ కిందికీ ఊగి సర్దుకోవడం సహజం, దాని గురించి కంగారు వద్దు. ముక్కు త్వరత్వరగా పైకీ కిందికీ తల ఊపుతున్నా, రెక్కలు చిన్నచిన్నగా అదురుతున్నా స్టిక్‌ను అనుమానించాలి. సెటింగ్స్ తెరిచి చూస్తే చెయ్యి పెట్టకపోయినా గీతలు కదులుతుంటాయి. అలాంటిది వాపసు గడువు దాటకముందే తిరిగి పంపించేయి.

వాడినది కొనాలనుకుంటే సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల అడిగి చూడు, కానీ ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లు. విండోస్ రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్‌లో కొడితే జాయ్‌స్టిక్ పరీక్షించే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. స్టిక్‌ను చివరంటా లాగి వదిలి మధ్యకు సరిగ్గా వస్తోందో చూడు. చాలా నెమ్మదిగా కదిపి గుర్తు గెంతుతోందా గమనించు. పిడిని మెలితిప్పి, ప్రతి బటన్నూ నొక్కి చూడు. ముందు పాడయ్యేది ఎక్కువగా మెలితిప్పే భాగమే, అమ్మేవాళ్లు దాని ఊసెత్తరు. అమెరికా నుంచి మీ బాబాయి వస్తున్నాడు కదా, ఆయన్ను తెమ్మంటే వీకేబీ గ్లాడియేటర్ వంటి ఇంకా మంచి స్టిక్కులు కూడా ఆలోచించవచ్చు. యూఎస్‌బీతో నడిచేవి కాబట్టి కరెంటు తేడా సమస్య ఉండదు. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లుతుందనుకోవద్దు, పాడైతే నా దగ్గరికి తీసుకురా.

ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. మీ తమ్ముడి దగ్గర గేమ్‌ప్యాడ్ ఉంది. దాని చిన్న పుల్లలు కీబోర్డు కన్నా చాలా నయం. కీబోర్డుకు ఉన్నది నొక్కడం, వదలడం, అంతే. ఫ్లైట్‌గేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో మౌస్‌తో కూడా నడపవచ్చు. ఒక నెల అలా నడిపితే నీకు ఏ విమానం మీద నిజంగా ఇష్టం ఉందో తేలిపోతుంది.

మీ అమ్మకు ఒక్క విషయం నువ్వే చెప్పు: ఇంట్లో నడిపిన గంటలు పైలట్ లైసెన్సుకు లెక్కలోకి రావు. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలు ఫ్లయింగ్ స్కూల్లోనే పూర్తి చేయాలి. అయినా పరికరాల వైపు చూపు తిప్పే వరుస, చెక్‌లిస్టు చదివే అలవాటు, ట్రిమ్ చేసే చెయ్యి ఇక్కడే వస్తే అక్కడ ఖరీదైన గంటలు ప్రాథమిక విషయాలకు ఖర్చు కావు.

ఏదైనా కొనే ముందు నీ కుర్చీ చేతి ఎత్తు, బల్ల మందం, బల్ల కింద కాళ్లకున్న చోటు కొలిచి నాకు రాసి పంపు. కంప్యూటర్‌కు ఖాళీ యూఎస్‌బీ పోర్టులు ఎన్ని ఉన్నాయో కూడా చూడు.

ఇట్లు,
మీ మామయ్య